అపరిచితులు కలిసే హాస్యకథకు ముడి ఎక్కడ పడాలి?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి నుంచి ఒక యువ రచయిత తాను రాసిన సినిమా కథను పంపి, మూడు ప్రశ్నలు అడిగారు. గుణుపురంలో పొద్దున బయలుదేరి విశాఖపట్నం వెళ్లే ప్యాసింజరు బండిలో తొమ్మిది మంది ఎక్కుతారు, ఒక తండ్రీ కొడుకూ తప్ప తక్కినవారు ఒకరికొకరు తెలియరు. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, పెళ్లిచూపులకు వెళ్తున్న వరుడు, అతని తండ్రి, ఎవరో అమ్మాయికి మేనమామ, పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పనివాడు, పలాస జీడిపప్పు వ్యాపారి, సంతకు వెళ్తున్న సవర గిరిజన స్త్రీ, రిటైరైన ఒడియా మాస్టారు, టీసీ. చదివినవాళ్లందరూ నవ్వుతున్నారు గాని, చివరికి ‘స్కిట్లు వరసగా పేర్చినట్టుంది’ అంటున్నారట. కథ విన్న నిర్మాత ‘ఇందులో హీరో ఎవరు?’ అని అడిగి ఊరుకున్నారట. ఈ పాత్రలను ఒక కథగా ఎలా కలపాలి, హీరో లేకుండా ఇది నిలబడుతుందా, తెలుగు, ఒడియా, సవర మాటలు కలిసిన సంభాషణను ఎలా రాయాలి అన్నవి వారి ప్రశ్నలు. కథా చర్చల్లో చాలాకాలంగా కూర్చుంటున్నవాణ్ణి గనుక నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

మీ హాస్యంలో లోపం లేదు. జీడిపప్పు వ్యాపారి సీటు కోసం పడే తగాదా, మాస్టారు రైలు టైం టేబుల్‌ను శ్లోకంలా అప్పజెప్పడం నిజంగా నవ్విస్తాయి. కాని ఆ రెండు సీన్లలో దేన్ని తీసేసినా తరువాతి సీను చెక్కుచెదరదు. మీ పాత్రలు ఒకరినొకరు చూసుకుంటున్నారు, పలకరించుకుంటున్నారు, దిగిపోతున్నారు. అంతవరకు వాళ్లు ఒకే పెట్టెలో ఉన్నారే తప్ప ఒకే కథలో లేరు. ఒకడు తన అవసరం కోసం చేసిన పని, వాడికి తెలియకుండానే ఇంకొకడి నెత్తిన పడాలి. ఆ రెండోవాడికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకూడదు. ఆ ఇద్దరికీ తెలియనిది ప్రేక్షకుడికి తెలియాలి. అపరిచితుల హాస్యకథకు నేను చూసినంతలో ఇంతకు మించిన సూత్రం లేదు, తక్కినవన్నీ దీని నుంచే వస్తాయి.

ఈ పద్ధతికి సినిమాలో పెద్ద వయసే ఉంది. హాలీవుడ్‌లో 1932లో వచ్చిన ‘గ్రాండ్ హోటల్’ను అందరూ దీనికి మూలంగా చెబుతారు, ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా అందుకుంది. అయితే దాన్ని చూసి చాలామంది నేర్చుకున్నది ‘అందరినీ ఒక హోటల్లో పెడితే చాలు’ అన్న సగం పాఠమే. హోటల్ పైకప్పు మాత్రమే. అప్పుల్లో మునిగిన బేరన్, అంటే జమీందారు లాంటివాడు, నర్తకి ముత్యాలు దొంగిలించడానికి ఆమె గదిలో దూరతాడు. చావుకు సిద్ధమై దాచుకున్న డబ్బు ఖర్చు చేసుకోవడానికి వచ్చిన గుమాస్తా, అదే హోటల్లో దిగిన వ్యాపారి కంపెనీలో పనిచేసినవాడే. ఒకరి డబ్బు అవసరం మరొకరి మీద ఒత్తిడి పెడుతూ పోతుంది. అది హాస్యచిత్రం కాదు, కాని ముడులు వేసిన తీరు మీకు పనికివస్తుంది. మీ రైలుపెట్టె కూడా పైకప్పే అవుతుంది, ఒత్తిడి మీరే పెట్టాలి.

అసలు ఇందుకు అంత దూరం వెళ్లక్కరలేదు. శూద్రకుడి సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’ మొదటి నాలుగు అంకాలను కాగితం, కలం పెట్టుకుని చదవండి. గణిక వసంతసేన తన నగల పెట్టెను, తాను మనసుపడ్డ పేద బ్రాహ్మణుడు చారుదత్తుడి ఇంట్లో దాచమని ఇస్తుంది. నగల కోసం ఎవరో వెంటపడుతున్నారన్న భయం ఒక సాకు, మళ్లీ ఆ ఇంటికి రావడానికి ఒక దారి ఉండాలన్నది లోపలి మాట. ఒక రాత్రి శర్విలకుడు ఆ ఇంటికి కన్నం వేస్తాడు. అతనికి చారుదత్తుడితో వైరం లేదు, వసంతసేన దాసి మదనికను విడిపించుకోవడానికి డబ్బు కావాలి, అంతే. నిద్రలో పలవరిస్తున్న చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు, దొంగను చారుదత్తుడనుకుని, ‘ఈ పెట్టె నువ్వే తీసుకో’ అని తన చేత్తోనే అందిస్తాడు. తెల్లవారాక పరువు పోతుందని చారుదత్తుడి భార్య ధూత తన రత్నహారం ఇస్తుంది. అటు శర్విలకుడు నగలు తెచ్చి మదనికకు చూపిస్తే, అవి తన యజమానురాలివేనని ఆమె గుర్తుపడుతుంది, ఆ మాటలు వసంతసేన చాటుగా వింటుంది. శర్విలకుడు చారుదత్తుడు పంపిన మనిషినని చెప్పుకుంటూ నగలు ఇస్తాడు, ఆమె అన్నీ తెలిసే మదనికను అతనితో పంపిస్తుంది. సరిగ్గా అప్పుడు మైత్రేయుడు రత్నహారం పట్టుకుని వచ్చి, పెట్టెను చారుదత్తుడు జూదంలో పోగొట్టాడని అబద్ధం చెబుతాడు. పెట్టె ఆమె దగ్గరే ఉంది.

ఇందులో ఒక్క పాత్ర కూడా ఇంకొకరిని ఏడిపించాలని ఏమీ చెయ్యలేదు. ఒకరు ప్రేమ కోసం, ఒకరు పరువు కోసం, ఒకరు నిద్రమత్తులో చేశారు. కాని ప్రతి పనీ ఇంకొక గడపలోకి వెళ్లి తగిలింది. చివరి సీనులో మైత్రేయుడు ఒక్క హాస్యపు మాట అనక్కరలేదు, వచ్చి గంభీరంగా నిలబడితేనే నవ్వు పుడుతుంది, ఎందుకంటే ఆ పెట్టె ఎక్కడుందో మనకు తెలుసు. మాటల్లో పంచ్‌ల కోసం తాపత్రయపడే రచయితలందరూ ఈ నాలుగో అంకాన్ని ఒకసారి చేత్తో తిరగరాసి చూడాలని నా కోరిక.

ఇప్పుడు మీ కథకు వద్దాం. మీరు రాసుకున్నదాని ప్రకారం ఇంజినీరింగ్ కుర్రాడు టికెట్టు లేకుండా ఎక్కి, టీసీని చూసి టాయిలెట్లో దాక్కుంటాడు. అది మనం చాలాసార్లు చూసిన సీను, పైగా దాక్కున్నవాడు కథలోంచి కూడా తప్పుకుంటాడు. వాణ్ణి దాచకండి, జనం మధ్యలో కూర్చోబెట్టండి. టికెట్టు లేకపోతే ఛార్జీకి తోడు కనీసం 250 రూపాయల జరిమానా, వాడి జేబులో అంత లేదు. టీసీ వస్తుంటే వాడు పెళ్లిచూపులకు వెళ్తున్న తండ్రి పక్కన చోటు చేసుకుని, ఎదురుగా ఉన్న పళ్లబుట్టను ఒళ్లో పెట్టుకుని, ఆ ఇంటి మనిషిలా కూర్చుంటాడు. టీసీ అడిగితే ఆ పెద్దాయన, కుర్రాడి మొహం చూసి జాలిపడి, ‘మావాడేనండీ’ అంటాడు. ఆయన కొడుకు టికెట్టు ఆయన చేతిలోనే ఉంది. అసలు కొడుకు బిడియంతో తలుపు దగ్గర నిలబడ్డాడు. టీసీకి లెక్క సరిపోతుంది, ముందుకు వెళ్లిపోతాడు.

ఎదుటి బల్ల మీద మేనమామ ఉన్నాడు. కాశీనగరంలో ఎక్కి, టెక్కలిలో మేనకోడలి పెళ్లిచూపులకు వెళ్తున్నాడు. వరుణ్ణి ఎన్నడూ చూడలేదు. వాళ్ల మాటల్లో టెక్కలి పేరు, అమ్మాయి ఇంటి పేరు విని, తాను బయటపడకుండా కుర్రాణ్ణి పరీక్షించాలనుకుంటాడు. కాసేపటికి పక్కకు వెళ్లి అక్కగారికి ఫోన్ చేస్తాడు: “గుంటడు మంచోడే అప్పా! ఇంత రద్దీలోనూ పళ్లబుట్ట ఒళ్లోంచి దించలేదు. పెద్దోళ్ల మాట దాటేవోడు కాడు.” తలుపు దగ్గర నిలబడిన అసలు వరుడు ఆ మాట వింటాడు. ఇక్కడ మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. వాడు ‘వరుణ్ణి నేను’ అని చెప్పేస్తే కథ అయిపోతుంది. చెప్పకుండా ఉండడానికి వాడికి సొంత కారణం ఇవ్వండి. తనను చూసి ఎవరూ ఇంత మెచ్చుకోరన్న భయం వాడికి ఉందనుకోండి. ఇంకొకడు తన పేరు మీద పరీక్ష పాసవుతుంటే అడ్డుపడబుద్ధి కాదు. ఆ మౌనం వాడు చేసిన పని. అది వెళ్లి టెక్కలిలోని ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది. ఆమె ఇంకా తెర మీదికి రాకముందే ప్రేక్షకుడు ఆమె గురించి ఆదుర్దా పడతాడు.

ఇందులో కాకతాళీయం ఒక్కటే, మేనమామ అదే పెట్టెలో ఉండడం. ఆ వేళకు అటు వెళ్లే బండి అది గనుక అది కూడా మీ ప్రాంతంలో సహజమే. ఈ రైలు మార్గం మీకు ఇచ్చిన వరం అది. నౌపడ నుంచి పర్లాకిమిడికి మహారాజా వేయించిన చిన్న రైలు 1900లో నడిచింది, 1931 నాటికి గుణుపురం చేరింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం, టెక్కలి ఇటు ఉండిపోయాయి. పట్టాలు మాత్రం విడిపోలేదు. వియ్యం, వ్యాపారం, వైద్యం, చదువు అన్నిటికీ జనం ఇప్పటికీ ఆ గీత దాటుతూనే ఉన్నారు. మహానగరం కథ రాసేవాళ్లు ఇద్దరు అపరిచితులను కలపడానికి ఒక కారు ప్రమాదమో, తప్పిపోయిన ఫోనో వెతుక్కోవాలి. మీకు ఆ పని లేదు. అయినా ఒక కట్టుబాటు పెట్టుకోండి: కాకతాళీయం పాత్రలను చిక్కులో పడెయ్యడానికి వాడుకోవచ్చు, చిక్కు విప్పడానికి మాత్రం వాడకూడదు. మీ కథ చివర టీసీ తనకు దొరికిన పాత కాగితం ఒకదానితో అందరి సంగతీ బయటపెడతాడు. అది తీసెయ్యండి. అబద్ధం ఎవరు ఆడారో వారే, నష్టం తెలిసి, విప్పాలి. కుర్రాడు టీసీ ఉండగానే లేచి నిలబడి, ‘నేను వీళ్ల అబ్బాయిని కాదు, నాకు టికెట్టు లేదు’ అనాలి. అప్పటిదాకా నవ్వినవాళ్లకు ఆ 250 రూపాయలు ఎంత బరువో తెలుస్తుంది.

రాసేటప్పుడు అత్యంత శ్రమతో కూడిన పని, ఎవరికి ఏమి తెలుసన్న లెక్క. నేను గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, నిలువుగా పాత్రల పేర్లు, అడ్డంగా సీన్ నంబర్లు రాస్తాను. ప్రతి గడిలో ఆ సీను అయ్యేసరికి ఆ పాత్ర నమ్ముతున్నదేమిటో ఒక వాక్యం, అది తప్పయితే ఎర్ర సిరాతో. కాగితం మీద ఎరుపు పెరుగుతూ పోతే హాస్యం పెరుగుతున్నట్టు. ఒకే సీనులో ఎరుపంతా పోయిందంటే, నిజం అందరికీ ఒక్కసారే తెలిసిపోయిందన్నమాట, క్లైమాక్స్ ఒక్క అరుపుతో ముగుస్తుంది. నిజం ఒకరి తరువాత ఒకరికి తెలియాలి, ఎవరికి ఎక్కువ నష్టమో వారికి చివర తెలియాలి. మీ కథలో ఆ చివరి మనిషి ‘మావాడేనండీ’ అన్న తండ్రి. ఆయన దయతో అన్న మాటే తన కొడుకు పెళ్లిచూపుల్ని తారుమారు చేసిందని ఆయనకు ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు అన్నది మీ సినిమాలో గొప్ప సీను కాగలదు. దాన్ని నవ్వుతో మొదలుపెట్టి, ఆయన మొహం మీద ఆపవచ్చు.

పాత్రల సంఖ్య తగ్గించండి. 140 నిమిషాల సినిమాను తొమ్మిది మందికి సమంగా పంచితే ఒక్కొక్కరికి పదిహేను, పదహారు నిమిషాలు వస్తాయి, అందులో మనిషిని పరిచయం చెయ్యాలి, చిక్కులో పెట్టాలి, బయటపడెయ్యాలి. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్ 1975లో ‘నాష్‌విల్’లో ఇరవై నలుగురిని నడిపించారు గాని, అక్కడ సంగీతం, ఎన్నికల ప్రచారం ఆ నగరమంతా ప్రవహిస్తూ వాళ్లను మోశాయి. మీకు ఆరుగురు చాలు. జీడిపప్పు వ్యాపారినీ మేనమామనూ ఒక్కరిని చెయ్యండి, అప్పుడు సీటు తగాదా పడే మనిషే కాబోయే అల్లుణ్ణి తూకం వేస్తాడు, సరుకు చూసే కన్నుతోనే కుర్రాణ్ణి చూస్తాడు. టీసీని ప్రధాన పాత్రగా లెక్కించకండి, అతను ఒత్తిడి తెచ్చేవాడు, అతనికి సొంత కథ అక్కరలేదు. మాస్టారిని వదులుకోవడం మీకు కష్టమని తెలుసు, ఆ శ్లోకం సీను నాకూ ఇష్టమే. అయినా ఆయన చేసే ఏ పనీ ఇంకొకరికి తగలడం లేదు.

కొమ్ము పనివాణ్ణి మాత్రం ఉంచండి. కొమ్మును కాచి, వంచి, నునుపు తేల్చి కొంగ మెడ తీసిన మనిషి తన పొట్లాన్ని రైల్లో ఎలా పట్టుకుంటాడో ఒకసారి చూసి రాయండి. కుర్రాడు చోటు చేసుకోవడానికి ఆ పొట్లాన్ని బల్ల కిందికి నెట్టాడనుకోండి, అక్కడ వ్యాపారి జీడిపప్పు డబ్బాలున్నాయనుకోండి, మరో రెండు సీన్లు వాటంతట అవే పుడతాయి.

అందరినీ మొదటి స్టేషన్లోనే ఎక్కించకండి. గుణుపురంలో ఇద్దరు, కాశీనగరంలో ఒకరు, పర్లాకిమిడిలో ముగ్గురు ఎక్కితే ప్రేక్షకుడికి పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ ఉండదు, ఒక్కొక్కరూ ఎక్కగానే అంతవరకు ఉన్న చిక్కు ఇంకాస్త బిగుస్తుంది. ఒక్కొక్కరినీ ఒక్క పనితో పరిచయం చెయ్యండి. తండ్రి ఎక్కగానే తన సీటు కన్నా ముందు పళ్లబుట్టకు చోటు వెతుకుతాడు. అంతకు మించి ఆయన గురించి డైలాగు అక్కరలేదు.

ఇక నిర్మాత అడిగిన హీరో సంగతి. ఆయన భయాన్ని కొట్టిపారెయ్యకండి. థియేటర్‌కు వచ్చినవాడికి ఎవరి వెంట నడవాలో తెలియాలి, ఆయన అడుగుతున్నది అదే. 2010లో ‘వేదం’ ఐదుగురి కథలను ఒక ఆసుపత్రికి చేర్చింది, అందులో పేరున్న నటులున్నారు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ నాలుగు ప్రేమకథలను విశాఖ పేటలోని స్థానికులతోనే నడిపింది. రెండూ నిలబడ్డాయి గనుక తారల లెక్క ఇక్కడ ముఖ్యం కాదు. మీరు నిర్మాతకు చెప్పవలసింది, ఎవరి ప్రశ్న మొదట తెరుచుకుని చివర మూసుకుంటుందన్నది. మీ కథలో అది కుర్రాడిది. వాడు టికెట్టు లేకుండా ఎందుకు ఎక్కాడో మీరు ఇంతవరకు చెప్పలేదు. టికెట్టు డబ్బు ఏమైందన్నది సినిమా మొదటి నిమిషంలో ప్రశ్నగా వేసి, దాని జవాబును ఆఖరు దాకా దాచండి. తక్కిన ఐదుగురి కథలూ ఆ దారం మీద నడుస్తాయి. ఇంటర్వెల్‌ను టెక్కలి తరువాత వచ్చే నౌపడ దగ్గర పెట్టే ఆలోచన మానుకుని టెంబూరు దాటాక పెట్టండి, ఎందుకంటే టెక్కలి రాకముందే అందరి తప్పు నమ్మకాలూ పతాకస్థాయిలో ఉండాలి.

భాష గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. శ్రీకాకుళం యాసను పనివాళ్ల నోట, అమాయకుల నోట పెట్టి నవ్వించడం మన తెర చాలాకాలం చేసింది. మీ ప్రాంతంవారు ఆ పని చెయ్యకూడదు. మీ రాతలో సవర స్త్రీ మూడు సీన్లలో కనిపిస్తుంది, మూడింటిలోనూ ఎవరి మాటా అర్థం కానట్టు చూస్తుంది, జనం నవ్వుతారు. గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చింది పర్లాకిమిడిలోనే. ఆ ఊరి నుంచి వచ్చే సినిమాలో ఆమెకు ఆ స్థానం తగదు. ఆమెకు సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చునని పెట్టండి, సంతలో బేరాలు చేసే మనిషికి అది మామూలు విషయం. ఆమెకు తెలుగు రాదనుకుని తండ్రీ కొడుకూ, మేనమామా ఆమె ముందే అన్నీ మాట్లాడేస్తారు. గుణుపురంలో కుర్రాడు టికెట్టు లేకుండా ఎక్కడం కూడా ఆమె చూసింది. ప్రేక్షకుడి తరువాత అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆమె. ఇప్పుడు అదే మౌనం, అదే చూపు, కాని నవ్వు ఎవరి మీద పడుతుందో మారిపోయింది.

పర్లాకిమిడివాళ్లు ఒకే వాక్యంలో తెలుగు మొదలుపెట్టి ఒడియాలో ముగించడం మీకు నా కన్నా బాగా తెలుసు. దాన్ని అలాగే ఉంచండి. తండ్రి టీసీతో ఒడియాలో, కొడుకుతో తెలుగులో, దేవుడితో రెంటిలోనూ మాట్లాడవచ్చు. ఒడియా మాటకు వెంటనే తెలుగులో అనువాదం చెప్పించకండి, ఆ మాట అంటున్నప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో రాస్తే విజయవాడ ప్రేక్షకుడికీ అర్థమవుతుంది.

స్క్రిప్టు మొత్తాన్ని ఒకేసారి తిరగరాయకండి. ముందు కుర్రాడు పళ్లబుట్ట అందుకోవడం నుంచి మేనమామ ఫోన్ పెట్టెయ్యడం వరకు ఒక్క ముక్క రాసి, నాటకాలు వేసే మిత్రులను కూర్చోబెట్టి చదివించండి. వరుడు తలుపు దగ్గర ఆ ఫోన్ వినే చోట వాళ్లు నవ్వు ఆపి ‘తరువాత?’ అని అడిగితే ముడి పడినట్టే. అడగకపోతే ఆ వరుడి కారణం ఇంకా బలంగా లేదని అర్థం, మిగతా సీన్ల జోలికి పోకుండా దాన్నే పట్టుకోండి. రాశాక ఆ ముక్కనూ, గోడ మీది లెక్క కాగితం ఫొటోనూ పంపండి, చదివి చెబుతాను.